మూడు శనివారాలు, 26 మంది టీచర్లు, ఒక గోళీ

జూన్ ఆఖర్లో మా కరస్పాండెంట్ గారు స్టాఫ్ మీటింగ్ పెట్టి, "ఒకటి నుంచి అయిదు దాకా చెప్పేవాళ్ళంతా ఈ ట్రైనింగ్‌కి వెళ్ళాలమ్మా. ఫీజు సగం స్కూలు కడుతుంది, సగం మీరు" అన్నారు. మొత్తం ఫీజు 3,600. నా వాటా 1,800. మా ఇంట్లో అది నెల కూరల ఖర్చు. అందుకని ఈ రివ్యూ కొంచెం లెక్క చూసుకుంటూ రాసినట్టే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

నేను పెదవాల్తేరులో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి క్లాస్ టీచర్ని. పద్నాలుగేళ్ళ సర్వీసు. మా పిల్లల్లో చాలామంది జాలరిపేట నుంచి వస్తారు. మిగతావాళ్ళు ఆటో డ్రైవర్ల పిల్లలు, షాపుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు.

కోర్సు విషయం పిల్లల వ్యక్తిగత, సామాజిక, భావోద్వేగ, నైతిక వికాసం. మూడు శనివారాలు, పది నుంచి నాలుగున్నర దాకా, మధ్యలో భోజనానికి అరగంట. మొత్తం 18 గంటలు. 2020 జాతీయ విద్యా విధానంలో టీచర్‌కి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని రాశారు కదా, అందులో 18 గంటలు ఒక్క దెబ్బతో తీరిపోతాయని మా మేనేజ్‌మెంట్ ఆశ. పిల్లల వికాసం సంగతి తర్వాత.

సంస్థ పేరు రాయడం లేదు. మెచ్చుకునే మాటలతో పాటు విసుక్కునే మాటలూ ఉన్నాయి, అక్కడ పనిచేసేవాళ్ళూ నాలాంటి జీతగాళ్ళే. ఎం.వి.పి. కాలనీలో, ఒక టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తు. లిఫ్ట్ ఉంది, పనిచెయ్యదు. ఏసీ ఉంది, అదీ మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి చేతులెత్తేస్తుంది. జూలైలో విశాఖ ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పదకొండు గంటలకి కింద నుంచి అల్లం పెసరట్టు వాసన వస్తుంటే పైన భావోద్వేగ నియంత్రణ గురించి వినడం, అదో పెద్ద పరీక్ష.

మొదటి శనివారం 26 మందిమి. ఇద్దరు తప్ప అందరం ఆడవాళ్ళమే. చెప్పిన మేడం ప్రభుత్వ బడిలో చేసి రిటైరయ్యారట. నూలు చీర, చేతిలో చాక్‌పీస్. స్లైడ్లు వేస్తూనే ఉన్నారు కానీ వాటి వైపు చూడరు. రాగానే అడిగారు: "కోల్‌బర్గ్ నైతిక వికాసంలో స్థాయిలెన్ని?" అందరం ఒకే గొంతుతో "మూడు" అన్నాం. "దశలు?" "ఆరు!" తప్పొప్పులు ఆలోచించే తీరు మెట్లు మెట్లుగా ఎదుగుతుందని చెప్పిన అమెరికన్ మనస్తత్వవేత్త ఈ కోల్‌బర్గ్. టీచర్ ఉద్యోగానికి రాసే అర్హత పరీక్ష, అదే టెట్, పేపర్ వన్‌లో 150 మార్కులకి 30 మార్కులు శిశు వికాసానివే. మేమంతా ఆ బిట్లు బట్టీ పట్టి వచ్చినవాళ్ళమే.

మేడం నవ్వి, "బిట్లు బాగానే కొట్టేశారు. మీ క్లాసులో రెండో దశలో ఉన్నది ఎవరో పేరు చెప్పండి" అన్నారు.

హాలంతా నిశ్శబ్దం. రెండో దశ అంటే 'నువ్విస్తే నేనిస్తా'. నాకు వెంటనే మా క్లాసులో మూడో బెంచీ గుంటడు గుర్తొచ్చాడు. రబ్బరు అడిగితే ముందు స్కెచ్ పెన్ను చేతిలో పెట్టించుకుని గానీ ఇవ్వడు. వాణ్ణి నేను 'పిసినారి' అని పిలుస్తాను, అదీ క్లాసందరి ముందూ. తొమ్మిదేళ్ళవాడు తన వయసుకి తగ్గ లెక్కే వేస్తున్నాడని ఆ పూట దాకా నాకు తోచలేదు. మేడం ఇంకో మాట కూడా చెప్పారు. కోల్‌బర్గ్ తన మొదటి పరిశోధనలో మాట్లాడించింది అబ్బాయిలనేనట. ఆ మెట్లే అందరికీ కొలబద్ద అంటే ఎలాగని, ఆడపిల్లలు ఎవరికేమవుతుందో అన్న కోణంలో తప్పొప్పులు చూస్తారని కరోల్ గిలిగన్ అనే మనస్తత్వవేత్త 1982లో వాదించిందట. మాలో ఒకావిడ "అంత ఆలస్యంగానా!" అంది. అందరం నవ్వాం.

ఆ మధ్యాహ్నం చేసిన పనికే ఈ కోర్సుకి సగం మార్కులు ఇస్తాను. మేడం సంచీలోంచి గోళీలు తీసి, కుర్చీలు పక్కకి జరిపించి, నేల మీద చాక్‌పీస్‌తో గుండ్రంగా గీసి, ఆడండి అన్నారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నలభై దాటిన ఆడవాళ్ళు గోళీలాడటం చూడాలి మీరు. అయిదు నిమిషాల్లో గొడవ మొదలైంది. గీత మీదున్న గోళీ లోపలున్నట్టా, బయట ఉన్నట్టా? గాజువాక నుంచి వచ్చిన టీచర్ "మా ఊళ్ళో అది లోపలే" అంటుంది, భీమిలి ఆవిడ ఒప్పుకోదు. చివరికి ఈ ఆటకి మాత్రం గీత మీదుంటే బయటేనని మాలో మేమే తేల్చుకున్నాం.

అప్పుడు మేడం స్విస్ మనస్తత్వవేత్త పియాజే సంగతి ఎత్తారు. పిల్లల నైతిక ఆలోచన మీద ఆయన పుస్తకం 1932లో వచ్చింది. అది మొదలయ్యేదే స్విట్జర్లాండ్ పిల్లల గోళీలాటతో. చిన్నపిల్లలకి రూల్ అంటే ఎవరో పెద్దవాళ్ళు పెట్టింది, మార్చకూడనిది. పెద్దయ్యేకొద్దీ అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చని తెలుస్తుంది. ఆ తెలివి సాటి పిల్లలతో ఆడి, పోట్లాడి, సర్దుకుంటే వస్తుందని పియాజే అంటాడు. టీచర్ బోర్డు మీద రాసిన పది సూత్రాల వల్ల కాదన్నమాట. మా క్లాసు గోడ మీద 'మన తరగతి నియమాలు' అని చార్టు ఉంది. పదీ నేనే రాశాను. లామినేషన్ కూడా చేయించాను.

ఇంటికి వెళ్ళేముందు ఒక పని అప్పగించారు. కథ ఒకటి చెప్పి పిల్లల్ని అడిగి రమ్మన్నారు. పియాజే కథే. కాకపోతే జామ్ తీసేసి సున్నుండలు పెట్టారు. శీనుని అమ్మ అన్నానికి పిలిచింది. వాడు తలుపు తోసుకుని వచ్చాడు. తలుపు వెనక కుర్చీ మీద ట్రేలో పదిహేను కప్పులున్నాయని వాడికి తెలీదు. అన్నీ పగిలాయి. రాము అమ్మ ఇంట్లో లేనప్పుడు దొంగచాటుగా సున్నుండల కోసం అలమర ఎక్కబోయాడు. చెయ్యి తగిలి ఒక కప్పు పగిలింది. ఎవరిది ఎక్కువ తప్పు?

సోమవారం లంచ్‌లో ఒకటో తరగతి పిల్లల్ని పదిమందిని ఒక్కొక్కరినే పిలిచి అడిగాను. ఏడుగురు శీనుదే అన్నారు. ఎందుకురా అంటే "పదిహేను పగిలాయి కదా టీచర్, మరి!" అని నన్నే వింతగా చూశారు. ఒక పాప మాత్రం కాసేపు ఆలోచించి, "మా అమ్మైతే ఇద్దరికీ వాయించేస్తాది" అంది. నా నాలుగో తరగతిలో దాదాపు అందరూ రాముది తప్పన్నారు. శీనుకి తెలీదు కదా టీచర్, అని వాడి తరఫున నాతో వాదించారు కూడా.

వాళ్ళు వాదిస్తుంటే నాకు మా క్లాసు ఫైన్ల డబ్బా గుర్తొచ్చింది. వాటర్ బాటిల్ పగిలితే ఇంత, డస్టర్ పోతే ఇంత, కిటికీ అద్దం పగిలితే ఇంత. ఎలా పగిలిందని నేనెప్పుడూ అడగలేదు. తొమ్మిదేళ్ళ పిల్లలు దాటేసిన మెట్టు మీద నిలబడి, పద్నాలుగేళ్ళుగా కప్పులు లెక్కపెడుతున్నానన్నమాట.

రెండో శనివారం కూడా అదే మేడం. పొద్దుట పూట కొంత సాగదీశారు. మనిషి ఎదుగుదలకి ఎరిక్‌సన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఎనిమిది దశలు, భావోద్వేగ అభ్యసనంలో అయిదు సామర్థ్యాలు, అన్నీ స్లైడ్ల మీద ఇంగ్లీషులో. ఇచ్చిన 64 పేజీల పుస్తకం కూడా ఇంగ్లీషులోనే. తెలుగులో చెప్పి ఇంగ్లీషులో చదువుకోమనడం ఏం పద్ధతో నాకర్థం కాలేదు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, మీరు వెళ్తే మీరూ రాయండి.

కిట్‌లో ఇచ్చిన భావాల కార్డుల మీద నాకు అసలు ఫిర్యాదు ఉంది. ఇరవై కార్డులు, గుండ్రటి మొహాలు, కింద ఇంగ్లీషు మాటలు. ఫ్రస్ట్రేటెడ్, యాంగ్షియస్, ఓవర్‌వెల్మ్‌డ్. నాకే నోరు తిరగలేదు, ఇక మా గుంటలకేం తిరుగుతుంది? క్లాసులో పెడితే అందరూ రెండే తీశారు, హ్యాపీ, శాడ్. ఒకడు శాడ్ తీశాడు. ఏమైందిరా అంటే "ఆకలేస్తంది టీచర్" అన్నాడు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చాడట.

ఆ రాత్రి మా ఇంట్లో పాత శుభలేఖలు వెతికి, వాటి వెనకవైపు నేనే రాసుకున్నాను. చిరాకు, దిగులు, బెంగ, అలక, ఉక్రోషం, రోషం, మొహమాటం, బెరుకు, కుళ్ళు, సంబరం. రాస్తూ పోతే ఇరవై ఎనిమిది వచ్చాయి. అలకని ఏ బొమ్మలో చూపిస్తారు చెప్పండి! కోపం ఉంటుంది, కానీ వచ్చి బతిమాలాలని ఆశ కూడా ఉంటుంది. ఆ కార్డుని మా క్లాసులో రోజుకి ముగ్గురైనా తీస్తారు. ఉక్రోషం అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత ఒక పిల్ల, "అయితే మొన్న ఆటలో ఓడిపోయినప్పుడు నాకొచ్చింది అదేనేటి టీచర్?" అని అడిగింది.

బెంగ కార్డు గురించి ఒకటి చెప్పాలి. జాలరిపేట కుర్రాడొకడు, చలాకీగా ఉంటాడు. బడులు తెరిచిన మొదటివారం బాగానే ఉండి, తర్వాత వారం డీలా పడిపోతాడు. మూడో తరగతిలో కూడా అంతేనని పాత టీచర్ చెప్పింది. సెలవుల బద్ధకం ఇంకా వదల్లేదని రిమార్కు రాసి ఊరుకున్నాం. జూలైలో వాడు ఆ బెంగ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మా నాన్న వేటకెళ్ళిపోయాడు, అన్నాడు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ నాన్న ఇంట్లో ఉంటాడు, వలలు బాగుచేసుకుంటూ. నిషేధం అయిపోగానే బోటు వెళ్ళిపోతుంది. బడి తెరిచేదీ అప్పుడే. పద్నాలుగేళ్ళుగా ఫిషింగ్ హార్బర్‌కి కూతవేటు దూరంలో పాఠాలు చెబుతున్నాను, క్యాలెండర్లో ఆ రెండు తేదీలూ పక్కపక్కనే ఉన్నాయని గమనించలేదు.

రెండో శనివారం మధ్యాహ్నం రోల్ ప్లే. నన్ను పిల్లగా నిలబెట్టారు. పక్క టీచర్ నోట్సు చింపానన్నమాట. మేడం టీచర్. "సారీ చెప్పు" అన్నారు. చెప్పాను. "అలాక్కాదు, మొహం చూసి చెప్పు." చెప్పాను. "గట్టిగా, అందరికీ వినపడాలి." అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను, ఆటే కదా. కానీ మూడోసారి చెప్పేటప్పటికి చెవులు వేడెక్కాయి. నోట్సు చిరిగినావిడ సంగతి పూర్తిగా మర్చిపోయాను. ఎప్పుడు కూర్చోమంటారా అనే చూస్తున్నాను. ఆ మూడు వాక్యాలూ నేను వారానికి నాలుగుసార్లు వాడేవే, అదే వరసలో.

విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునీ నిషేధించిందని మేడం అప్పుడు గుర్తుచేశారు. బెత్తం మానేశాం కదా అని మేం హాయిగా ఉన్నాం. రెండో ముక్క గురించి ఆలోచించినవాళ్ళు మాలో తక్కువ.

సారీకి బదులు మేడం నేర్పింది చిన్న ప్రశ్న: "ఇప్పుడేం చేస్తే సరిపోతుంది?" తర్వాత వారమే అవసరం పడింది. ఇద్దరి మధ్య పెనుగులాటలో తెలుగు నోట్సు పేజీ చిరిగింది. చింపినవాణ్ణి పక్కకి పిలిచి ఆ ప్రశ్న అడిగాను. వాడు సారీ చెప్పేసి వెళ్ళిపోవడానికి రెడీగా ఉన్నాడు, నా ప్రశ్నకి తికమకపడ్డాడు. కాసేపు గోడ కేసి చూసి, "ఆ పేజీ నేను రాసిచ్చెత్తాను" అన్నాడు. లంచ్ మానేసి రాయొద్దని చెప్పినా కూర్చుని రాశాడు. మూడు అక్షరదోషాలు. నోట్సు గల పిల్ల ఆ తప్పులు దిద్దించి మరీ తీసుకుంది.

ఇది పనిచేసిన కథ. పనిచెయ్యని కథ కూడా వినండి. కప్పుల కథ చెప్పిన పది రోజులకి మా క్లాసులో కొత్త జబ్బు మొదలైంది. ఏది పగిలినా, ఎవరికి దెబ్బ తగిలినా, "నేను కావాలని చెయ్యలేదు టీచర్!" ఉద్దేశం ముఖ్యమని నేనే చెప్పాను, ఆ తాళం చెవి వాళ్ళ చేతిలో నేనే పెట్టాను. ఒకడైతే బంతి కిటికీ వైపు విసురుతూ ముందే అనేశాడు, కావాలని చెయ్యట్లేదని. ట్రైనింగ్ తర్వాత టీచర్లకి వచ్చే ఇలాంటి తిప్పలకి ఈ కోర్సులో సమాధానం లేదు. నెలకోసారి స్కూలుకి వచ్చి చూస్తామని ఫీజు కట్టేటప్పుడు చెప్పారు. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో రోజూ పొద్దున్నే గులాబీ పువ్వూ, శుభోదయమూ.

మూడో శనివారం వేరే ఆయన వచ్చారు. కోటు, కాలర్ మైకు. పిల్లల ముందు మార్ష్‌మాలో పెట్టి, ఆగితే రెండోది ఇస్తామని చెప్పే వీడియో వేశారు. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన పరీక్ష అది, చాలామంది చూసే ఉంటారు. ఆగిన పిల్లలే జీవితంలో పైకొస్తారని తేల్చేశారు. నాకు ఆగలేదు (నవ్వకండి). మా అక్క కూతురు సైకాలజీ చదువుతోంది, దానివల్ల తెలుసు: 2018లో తొమ్మిదివందల మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం బాగా పలచబడిపోయింది. అదే అడిగాను. "మేడం, మనం పాజిటివ్‌గా ఉందాం" అన్నారు. ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో తర్వాత తిందామని దాచుకున్న లడ్డూ సాయంత్రానికి ఉంటుందా? మా పిల్లలు వెంటనే నోట్లో వేసుకోవడం తెలివితక్కువతనమని నేననుకోను.

చివర్లో కిట్‌లో నక్షత్రాల చార్టు, నాలుగువందల స్టిక్కర్లు ఇచ్చారు. మంచి పని చేసిన పిల్లలకి అంటించమని. మొదటి శనివారం మేడం చెప్పినదానికి ఇది పూర్తిగా అడ్డం. ఆవిడ 1973 నాటి ప్రయోగం ఒకటి చెప్పారు. బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న చిన్నపిల్లలకి, వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే ఆశపెట్టారు. ఇచ్చారు కూడా. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే తక్కువసేపు బొమ్మలేస్తున్నారు. ఒకే కోర్సులో ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు వినలేదన్నమాట. చార్టు నా బీరువా మీద ఉంది. స్టిక్కర్లు మా మేనల్లుడు సైకిల్‌కి అంటించుకున్నాడు.

అన్నిటికంటే కోపం వచ్చింది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం గురించి పది నిమిషాల్లో ముగించేసినప్పుడు. 2012 చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని అనుమానం ఉంటే పోలీసులకి చెప్పడం మన ఇష్టం మీద ఉన్న విషయం కాదు, చెప్పకపోతే మన మీదే కేసు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఒక స్లైడ్ మీద మెరిసి మాయమైంది. పిల్ల వచ్చి ఏదో చెప్పబోతే మన మొహం ఎలా ఉండాలి, ఏం అడగకూడదు, ఎవరికి ముందు చెప్పాలి, దీనికి ఒక పూట పెట్టాల్సింది. భయం గురించీ అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక, మా రెండో తరగతి పిల్లలు నెలల తరబడి గాలి హోరు వింటే పుస్తకం మూసేసి కిటికీ వైపు చూసేవాళ్ళు. వాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియక నేను ఎక్కాలు చెప్పించాను. ఈ ఊళ్ళో ట్రైనింగ్ పెట్టేవాళ్ళకి తుపాను అన్న మాటే తోచకపోవడం ఏమిటో.

భోజనం బాగుంది. పులిహోర, దద్దోజనం, ఆవకాయ, వేడి వేడి మిరపకాయ బజ్జీ. సర్టిఫికెట్ మీద నా ఇంటిపేరు తప్పు పడింది, మార్చి ఇవ్వడానికి నెలన్నర పట్టింది, మూడుసార్లు ఆ మెట్లెక్కాను.

అయిదుకి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. మూడూ ఆ మేడంవే. కొత్త బ్యాచ్ దసరా సెలవుల తర్వాతట. ఫోన్ చేసినప్పుడు అన్ని రోజులూ ఆవిడే చెబుతారా, పుస్తకం తెలుగులో ఇస్తారా అని ముందే అడగండి. స్కూలు తరఫున అయిదుగురు చేరితే తగ్గిస్తారట, మాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఆ రోజు ఆటలో ఒక గోళీ నా హ్యాండ్‌బ్యాగులోకి దొర్లి అక్కడే ఉండిపోయింది. నీలం చార ఉన్నది. మెట్లెక్కిన మూడుసార్లూ ఇచ్చేద్దామనే పట్టుకెళ్ళాను. ఇవ్వలేదు. కావాలని చెయ్యలేదు.